దేవుని పేజీ

ఆయన పోయాడని ఫోన్ చేసి చెప్పిన మా పిన్నమ్మ కూతురు, వెంటనే ఇంకో మాట కూడా చేర్చింది. "ఎవురికీ కుదరదని చెప్పిండే మనిషి కాదక్కా. అట్లాంటోళ్ళు ఇంగ యాడ దొరుకుతారు?" ఆమెది ఆయన ఉండే వీధే. నేను ఫోను చెవికి పెట్టుకునే మొహం చిట్లించాను. నాకు తెలిసినంతలో ఆయనకున్న రోగమే అది. చచ్చిన గంటలోపే దాన్ని సుగుణం చేసేశారు.

పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. సరే. కానీ ఆ నియమం పెట్టినవాళ్ళెవరూ ఆయన పక్కన కూర్చుని బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని ఉండరు. తన పొట్లం విప్పకుండా ముందు మన పొట్లంలో చెయ్యి పెట్టేవాడు. బజ్జీని విరిచి, పైపిండి తిని, లోపలి మిరపకాయను మన కాగితం మీదే వదిలేసేవాడు. ఆ తర్వాత వేళ్ళు ఒకటొకటిగా చీకి, అదే చేత్తో నా కీబోర్డు ముట్టుకునేవాడు. నేను స్పిరిటు వేసి తుడుస్తుంటే నవ్వేవాడు. "మడి ఎక్కువమ్మాయ్ నీకు" అనేవాడు. కుర్చీలో కూర్చునే ముందు మాత్రం తెల్ల చేతిరుమాలు పరుచుకునేవాడు, తన ప్యాంటుకు ఎర్రదుమ్ము అంటకూడదని. ఆయన పేరు రాయడం నాకిష్టం లేదు. అందరం ఇంజనీరు సార్ అనేవాళ్ళం.

బళ్ళారిలో ఎర్రమట్టికి బంగారం ధర పలికిన రోజులవి. సండూరు కొండల మీద ఇనుపరాయి తవ్వి, లారీల్లో తెచ్చి, సంగనకల్లు దారిలో ఉన్న మా యార్డులో పోసేవాళ్ళు. యార్డు వాకిట్లో కాటా. లారీ దాని మీద ఎక్కితే బరువు తేలుతుంది. ఆ కాటా గదిలో నేను పగటి డ్యూటీ ఆపరేటర్ని. రాత్రి ఇంకెవరో ఒకరు ఉండేవారు. ఆ పనిలో ఎవరూ నిలిచేవాళ్ళు కాదు కాబట్టి నాకు ముఖాలు కూడా సరిగా గుర్తులేవు. తలుపులు వేసుకున్నా దుమ్ము వచ్చేది. ముక్కు చీదితే ఎరుపు, స్నానం చేస్తే కాలవలో ఎరుపు, దండెం మీది చీరలు ఎరుపు. కంప్యూటర్లు మాకంటే ముందు చచ్చేవి. లోపల తిరిగే డిస్కుకు దుమ్ము పట్టి, ఒక ఉదయం కిర్రుమని ఆగిపోయేది. దానితోపాటు లెక్కలన్నీ పోయేవి.

అందుకే ఆయన్ని తెచ్చారు. ఆయన ఒక నల్లటి పెట్టె చేశాడు. దాన్ని కాటాకు తగిలిస్తే ప్రతి లారీ నంబరు, బరువు, టైము అందులో పడతాయి. లోపల తిరిగేది ఏదీ లేదు, సెల్‌ఫోన్లలో ఉండే రకం మెమరీ చిప్పు ఒక్కటే. కరెంటు పోయినా, దుమ్ము పడినా దానికి ఏమీ కాదు. తెలివైనవాడు, అందులో అబద్ధం లేదు. తెలివిలేనివాడైతే నాకింత అసహ్యం ఉండేది కాదు.

ఆయనకు మూడు నాలుకలుండేవి. యార్డు యజమానితో గోదావరి వైపు మర్యాద, మాటకొకసారి "అండీ". ఆఫీసర్లు వస్తే మంచి కన్నడ. డ్రైవర్లతో మా మాట, "ఏమప్పా, బాగుండావా" అని. ఇంజనీరు సార్ పెద్దలు కాలవ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి, కెంచనగుడ్డ దగ్గర క్యాంపులు కట్టుకుని వరి వేసుకున్నవాళ్ళు. ఆ క్యాంపుల్లో పుట్టినవాళ్ళకు అన్ని మాటలూ రావడం వింత కాదు, అందరికీ వస్తాయి. ఈయన మాత్రం ఏ నాలుక ఎప్పుడు తీయాలో మనిషి చొక్కా చూసి తేల్చుకునేవాడు. యజమాని గదిలోంచి "చిత్తమండీ" అంటూ బయటికొచ్చి, గడప దాటేసరికి డ్రైవరు భుజం మీద చెయ్యి వేసేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని.

యజమానిని మేం ధణి అనేవాళ్ళం. ఆయనది పాత కాలపు భక్తి. కొత్త లెక్కల పుస్తకం మొదటి పేజీకి పసుపు కుంకుమ పెట్టి, శ్రీ అని రాసి వదిలేయడం మన అందరిళ్ళలోనూ ఉన్నదే. ధణి ఇంకో మెట్టు ఎక్కాడు. ఏ రోజు లెక్కకు ఆ రోజు మొదటి పేజీ సుంకులమ్మ తల్లిది. అది అయ్యవారు చెప్పిన మంచి గడియలో, తన చేత్తోనే పడాలి. ఆ పేజీ పడేదాకా ఏ లారీకీ బరువు చీటీ కొయ్యకూడదు. లారీలు మాత్రం గడియ కోసం ఆగవు కదా, తెల్లారకముందే వరసగా వస్తాయి. మరి ఎట్లా అని ధణి అడిగాడు. మొదటి పేజీ ఖాళీగా ఉంచి, లారీలను రెండో పేజీ నుంచి రాసుకుంటూ పోయి, తనొచ్చి బటన్ నొక్కినప్పుడు తల్లి పేరు మొదటి పేజీలో పడేటట్టు చేస్తావా అన్నాడు.

"ఎందుకు కుదరదండీ" అన్నాడు ఇంజనీరు సార్. అడిగిన మాట పూర్తిగా వినకుండానే అన్నాడు.

కుదిరింది కూడా, మొదట్లో. పొద్దెక్కాక ధణి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టెంకాయ కొట్టి బటన్ నొక్కేవాడు. తెర మీద పై వరసలో తల్లి పేరు వచ్చేది. అప్పుడు నేను తెల్లవారుజాము లారీలన్నింటికీ ఒక్కసారిగా చీటీలు కోసి ఇచ్చేదాన్ని. యార్డుకు ఎవరొచ్చినా ధణి ఆ తెర చూపించేవాడు. మిషన్లో కూడా మా తల్లిదే ముందు పేజీ అని మురిసిపోయేవాడు. ఇంజనీరు సార్ పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాడు.

చెప్పడం మొదలుపెడితే మాత్రం ఎంత బాగా చెప్పేవాడో. ఒక మధ్యాహ్నం లారీలు ఆగిపోయి ఊరికే కూర్చున్నప్పుడు, ఆ పెట్టెలో ఏముందని అడిగాను. మా ఇంట్లోనూ వ్యవసాయమే కాబట్టి నాకు అర్థమయ్యేటట్టే చెప్పాడు. "ఈ చిప్పు ఒక వరిమడి అనుకో. అందులో సాళ్ళుంటాయి. ఆ సాలునే మేం పేజీ అంటాం. నాట్లు ఎట్లా వేస్తారు? ఒక గట్టు దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుస్తా, సాలు తర్వాత సాలు. నాటిన చోటే మళ్ళీ నాటడం ఉండదు. మార్చాలంటే మడి మొత్తం దున్నెయ్యాలి. ఇప్పుడు ఒక సాలు వదిలేసి, అంతా అయ్యాక దాన్ని నాటతానని మడిలో దిగావనుకో, పక్క సాలు కాలికింద పడి చచ్చిపోద్ది."

"మరి మన తల్లి పేజీ?" అన్నాను.

పాతరకం చిప్పు మెత్తనిదట, ఓర్చుకుంటుందట. అంతవరకు నిజమే చెప్పాడు.

తర్వాత యార్డు పెరిగింది, లారీలు పెరిగాయి, పాత చిప్పు చాలలేదు. ఆయన చవకలో పెద్దది తెచ్చి పెట్టెలో వేశాడు. దానితో వచ్చిన కాగితం నా బల్ల మీదే పడి ఉండేది, సగం బజ్జీ నూనెతో. అందులో ఒక వాక్యం కింద ఆయనే ఎర్ర పెన్నుతో గీత గీశాడు. పేజీలను వరస తప్పకుండా రాయాలి, వదిలిన పేజీకి వెనక్కి వెళ్ళి రాయకూడదు అని దాని సారాంశం. పాతదానికి సలహా లాంటిది, కొత్తదానికి శాసనం. నేను కాగితం ఎత్తి చూపించాను. ఆయన దాన్ని నా చేతిలోంచి తీసుకుని, ఆ కాగితంతోనే వేళ్ళు తుడుచుకున్నాడు. "ధణి దగ్గరకెళ్ళి, మీ తల్లిని లైన్లో రమ్మనండీ అని చెప్పమంటావా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు ఆయన పళ్ళ సందుల్లో శనగపిండి కనిపించింది.

ఇక్కడ ఎర్రిస్వామి గురించి చెప్పాలి. చోరనూరు మనిషి. లారీ సొంతం కాదు, స్టీరింగే ఆయన ఆస్తి. ఎప్పుడూ అందరికంటే ముందు కొండ దిగి, కాటా మీద మొదటి బండిగా ఎక్కేవాడు. అదో పట్టుదల. ఎర్రిస్వామి బోణీ అయితే రోజంతా చేతినిండా పని అని కాటా వాళ్ళు కూడా ఆయన్నే ముందు పిలిచేవాళ్ళు. తల్లికి మొదటి పేజీ వదిలిపెట్టాక, రెండో పేజీలో పడేది ఎప్పుడూ ఎర్రిస్వామి లోడే.

కొత్త చిప్పు వచ్చాక ఒక ఉదయం ఎర్రిస్వామికి చీటీ రాలేదు. తెర మీద తల్లి పేరు కిందే, ఆయన లోడు పడాల్సిన వరసలో అర్థంలేని గుర్తులున్నాయి. కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ ఇంకో ఉదయం అదే. కొండ మీద లోడు ఎక్కినట్టు లెక్క ఉంది, యార్డులో దిగినట్టు లెక్క లేదు. దిగిన రాయి కుప్పలో కలిసిపోయింది, ఆ కొండంత కుప్పలో ఎవరి లోడేదో ఎవరు చెప్పగలరు? రాత్రి డ్యూటీ వాళ్ళను అడిగితే గుర్తులేదన్నారు. దారిలో రాయి అమ్ముకుంటున్నాడని మేనేజరు తేల్చేశాడు. "పోతే అందరివీ పోవల్ల గదప్పా. ఎప్పుడూ నీదే ఎట్లా పోతాది?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఎర్రిస్వామి దగ్గర జవాబు లేదు. నా పక్క కుర్చీలో రుమాలు పరుచుకుని కూర్చున్న మనిషి దగ్గర ఉంది.

దొంగ డ్రైవరని పేరు పడితే బళ్ళారి నుంచి హొసపేట దాకా ఎవరూ బండి ఇవ్వరు. ఎర్రిస్వామికి వేరే పని రాదు, వేరే పని చెయ్యాలన్న ఆలోచన కూడా ఎప్పుడూ లేదు. అందుకే ప్రమాణం చేస్తానన్నాడు. కాటా మూల వేపచెట్టు కింద సుంకులమ్మ రాయి ఉంది. లారీ డబ్బాలోని నీళ్ళు నెత్తిన పోసుకుని, తడిబట్టలతో నిలబడి, అరచేతిలో కర్పూరం వెలిగించుకున్నాడు. డ్రైవర్లందరూ చుట్టూ చేరారు. ధణి కూడా చెప్పులు విడిచి వచ్చాడు.

"నేను రాయి అమ్మింటే ఈ తల్లి నా కండ్లు తీసుకోనీ" అని గుప్పిట మూసి మంట ఆర్పాడు.

నేను ఇంజనీరు సార్ వైపు చూశాను. ఆయన చేతిలో పొట్లం ఉంది. ఇప్పుడు చెబుతాడనుకున్నాను. మనిషి చేతిలో నిప్పు పెట్టుకుంటే, కారణం తెలిసినవాడు నోరు విప్పకుండా ఉండగలడని నాకప్పటికి తెలియదు. ఆయన పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ముందుకెళ్ళి తన తెల్ల రుమాలు తీసి, ఎర్రిస్వామి కాలిన చేతికి చుట్టాడు. మా మాటలోనే, అందరూ వినేటట్టు, "నేను నమ్ముతాండానప్పా నిన్ను. నువ్వట్లాంటోడివి కాదు" అన్నాడు. ఎర్రిస్వామి ఆ కాళ్ళ మీద పడి ఏడ్చాడు. ఆయన వంగి లేపలేదు. కాసేపు అట్లాగే నిలబడి, ఆ మొక్కు పూర్తిగా పుచ్చుకున్నాడు. నేను గది వెనక్కి వెళ్ళి ఉమ్మేశాను.

ప్రమాణం మెచ్చుకున్నారు కానీ పనిలోంచి తీసేశారు. తల్లి సంగతి తల్లి చూసుకుంటుంది, లెక్క సంగతి మేం చూసుకోవల్ల గదా అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రమే ఇంజనీరు సార్‌ను గదిలో నిలదీశాను. లోడు ఎక్కడికీ పోలేదని మీకు తెలుసు, వెళ్ళి చెప్పండి అన్నాను. ఆయనకు కోపం కూడా రాలేదు. కుర్చీ మీద రుమాలు లేదు కాబట్టి నిలబడే మాట్లాడాడు. దేవుడి పేజీ రాసినందుకు లోడు చెడిపోయిందని చెబితే ధణి తనను పంపించేస్తాడని, వచ్చే ఇంకోడు ఇంతకంటే అధ్వానంగా చేస్తాడని, మొత్తం మీద తాను ఉండటమే యార్డుకు మంచిదని నాకు నచ్చజెప్పాడు. చివర్న ఒక మాటన్నాడు. అది ఇప్పటికీ నా చెవిలో జిగురులా అంటుకుని ఉంది.

"అయినా నేను నమ్ముతున్నానని చెప్పాను కదమ్మాయ్. ఆ పాటి ఇంకెవరు చెప్పారు?"

నేనే ధణి దగ్గరకు వెళ్ళాను. వరిమడి, సాళ్ళు, పక్క సాలు కాలికింద పడటం, అంతా ఆయన చెప్పినట్టే చెప్పాను. ధణి చాలా సేపు విన్నాడు. "తల్లి పేజీ పడితే లోడు మాయమైతాదా? ఈ మాట ఇంగో తూరి ఈడ వినబడగూడదు" అన్నాడు. తర్వాత ఇంజనీరును పిలిపించి అడిగితే, చిన్నపిల్లండీ, చదివిన కాగితం సగమే అర్థమైనట్టుందండీ అన్నాడట. ఆ మాట నాకు మేనేజరే నవ్వుతూ చెప్పాడు.

మిగిలింది ఎర్రిస్వామి. ఊరికి పోవడానికి బస్టాండులో కూర్చుని ఉంటే వెళ్ళి చెప్పాను. చేతికి ఆ రుమాలు ఇంకా ఉంది. పూర్తిగా విన్నాడు. పెట్టె వల్లే నీ లెక్క చెడిందని, అది ఇంజనీరుకు తెలుసని రెండోసారి కూడా చెప్పాను. ఎర్రిస్వామి తల అడ్డంగా ఊపాడు.

"ఊరంతా దొంగ అంటాంటే ఆయప్ప ఒక్కడు గదమ్మా నమ్మినాడు. ఇప్పుడు ఆయన్ని గూడా ఇడ్సిపెట్టమంటావా?"

బస్సొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం, యార్డులో నేను తప్ప ఎవరూ లేని పూట, ఇంజనీరు సార్ వచ్చి పెట్టె విప్పాడు. నన్ను టీ తెమ్మని పంపాడు కానీ నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. పేజీ వదలడం తీసేశాడు. ధణి బటన్ నొక్కినప్పుడు తల్లి పేరు వరసలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడుతుంది, తెర మీద మాత్రం పై వరసలో కనిపిస్తుంది. అంతే పని. ఒక పూట కూడా పట్టలేదు. ధణికి ఏమీ చెప్పనక్కర్లేదు, ధణి భక్తికి ఏ లోటూ లేదు. మొదటి రోజే అట్లా చేసి ఉండొచ్చు. ఎర్రిస్వామి లోడు మొదటిసారి పోయినప్పుడు చేసి ఉండొచ్చు. చేతిలో కర్పూరం వెలగకముందు చేసి ఉండొచ్చు. సామాను సర్దుకుంటూ నన్ను చూసి, "చూశావా, నీ మాట కూడా కాదనలేదు" అన్నాడు.

ఆ రోజు నుంచి ఒక్క లోడు కూడా చెడలేదు. దాంతో యార్డులో అందరికీ అనుమానం తీరిపోయింది. దొంగ పోయినాడు, దొంగతనం ఆగిపోయింది, ఇంగేం రుజువు కావల్ల అన్నారు. టీ కొట్టు దగ్గర ఆ మాట అంటుంటే ఇంజనీరు సార్ అక్కడే ఉన్నాడు. గ్లాసులో మిగిలిన టీని నేల మీద వంచి, ఆ తడి మీద బూటు రుద్దుకుంటూ నిలబడ్డాడు. నేను ఆ నెలాఖరుకే మానేశాను.

గనులు మూతపడ్డాక ఆయన ఇళ్ళకు, కొట్లకు కెమెరాలు పెట్టే వ్యాపారం పెట్టాడు. ఆ కాలనీ ఈ కాలనీ వాళ్ళు శాలువాలు కప్పారు. మార్కెట్లో ఒకటి రెండుసార్లు ఎదురుపడ్డాడు. బాగున్నావా అమ్మాయ్ అని, నా సంచిలో చెయ్యి పెట్టి చిక్కుడుకాయ ఒకటి తీసి, తుంచి వాసన చూసి, మళ్ళీ సంచిలోనే వేశాడు. ఇంటికెళ్ళి ఆ కాయలన్నీ ఆవుకు పడేశాను. ఎర్రిస్వామి ఏమయ్యాడని అడిగితే, పాపం మంచోడు అన్నాడు.

శవాన్ని చూడటానికి ఎందుకు వెళ్ళానో నాకే సరిగా తెలియదు. దుఃఖం మాత్రం కాదు. అద్దాల పెట్టెలో తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుటన నామం. చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒక్కొక్కరే ఏదో ఒక కథ చెబుతున్నారు. అర్ధరాత్రి పిలిచినా వచ్చేవాడని ఒకరు, లేదని నోట రాదని ఒకరు. నేను గోడకు ఆనుకుని వింటున్నాను. వాకిట్లో వెదురు బొంగులు కట్టే మనుషుల్లో ఒక ముసలాయన వంగి తాడు బిగిస్తున్నాడు. తలెత్తినప్పుడు పోల్చుకున్నాను. ఎర్రిస్వామి.

నన్ను ఆయనే ముందు పలకరించాడు. స్టీరింగు మళ్ళీ ఎవరూ ఇవ్వలేదట. చోరనూరులో ఎవరివో గొర్రెలు తోలుతున్నాడట. తెల్లారి మొదటి బస్సుకు వచ్చేశాడట. "మొన్న పిలిపించినాడమ్మా నన్ను. ఆస్పత్రికి. మనిషిని పంపి పిలిపించినాడు" అన్నాడు.

చివరికి చెప్పేశాడా? పోయేముందైనా ఆ ఒక్క మాట అప్పజెప్పి పోయాడా? ఇన్నేళ్ళ అసహ్యం ఆ క్షణంలో దించేసుకోవడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

"ఏం చెప్పినాడు?" అన్నాను.

"ఏం జెప్తాడమ్మా, మాట సరిగా రాకుండె. నా చెయ్యి పట్టుకోని, నేను నిన్ను ఎప్పుడూ అనుమానించలేదప్పా అన్నాడు." కళ్ళు తుడుచుకున్నాడు. "అది చాలదా?"

చాలదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా పాడె ఎత్తడానికి రమ్మని మనుషుల్ని కేకేశారు. ఎర్రిస్వామి తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని, చెప్పులు పక్కకు విడిచి, అందరికంటే ముందు వెళ్ళి ఆ బరువు కింద భుజం పెట్టాడు.